నాకుడు బల్ల

3, సోమవారం

పొద్దున మంచు. ఎనిమిదింటికి ఎండ వచ్చింది. గాలి లేదు. ఖాళీ అయిన నాలుగు పెట్టెలు శుభ్రం చేశాను. వాటిలో తేనెటీగలు చలికి ముందే తగ్గిపోతూ వచ్చి చలిలో పూర్తిగా పోయాయి. ఫ్రేముల్లో కట్టిన పట్టులో మాత్రం ఇంకా తేనె ఉంది. పారేయడానికి మనసొప్పలేదు. నీళ్ళ తొట్టి పక్కన నాకుడు బల్ల వేసి ఫ్రేములు పరిచాను. పదింటికల్లా బల్ల కనబడలేదు, అంతా ఈగలే. నా పెట్టెలవి, కంచె అవతల బావమరిదికున్న ఒక్క పెట్టెవి, అన్నీ ఒకే పంక్తిలో. మా ఆవిడ పీట వేసుకుని కూర్చుంది. "మామయ్య ఉంటే ఇంకో పీట వేయాల్సొచ్చేది," అంది.

బల్ల నాన్నది. పాత తలుపు కోసి చేశాడు. పోయిన పెట్టెలో చుక్క తేనె కూడా మట్టిపాలు కాకూడదు, బతికున్నవాటికి పెట్టాలి అనేవాడు. అవి నాకి శుభ్రం చేసిన పట్టును బలమైన పెట్టెల్లోకి దించేవాడు. నేనూ అంతే. మధ్యాహ్నం పదహారు ఫ్రేములు 7, 8, 11, 12 నంబర్లలోకి దించాను. మళ్ళీ మైనం కట్టుకునే శ్రమ తప్పుతుంది వాటికి. చలిలో కూడా రెండుసార్లు ఇలాగే చేశాను.

సాయంత్రం ఆరింటికి బావమరిది కంచె దగ్గర నుంచి కేకేశాడు. "ఈగల బావా! తలుపులు మూసుకో! మందు కొడుతున్నా!" ఇరవై రెండు పెట్టెల తలుపులూ మూశాను. వాడి పొద్దుతిరుగుడు పూత మీద ఉంది, గొంగళిపురుగు మొదలైంది. ఈగలన్నీ గూటికి చేరాకే కొడతానని పోయినేడు మాటిచ్చాడు.

6, గురువారం

మబ్బు. పెట్టెలన్నీ తెరిచి చూశాను. 3, 4 పల్చబడ్డాయి. చేయి పెడితే మీదికి లేచే ఈగలు కూడా లేవు. పట్టులో పిల్ల పురుగులు పెరిగే అరల మూతలు లోపలికి కుంగి ఉన్నాయి, కొన్నింటికి సూది పెట్టినట్టు చిల్లులు. లోపల పురుగు పురుగులా లేదు. వడ్రంగి జిగురు కాచిన వాసన.

9 ముందు నేల మీద చచ్చిన ఈగలు గుప్పెడు. నాలుకలు బయటికి చాపి ఉన్నాయి.

మందే.

టీకొట్టు దగ్గర ఈ మాట అంటే తలా ఒకటి చెప్పారు. సెల్ టవర్ అన్నాడు టీకొట్టు అతను. టవర్ వచ్చి తొమ్మిదేళ్ళయింది, ఈగలకు ఇప్పుడు సిగ్నల్ అందిందా అన్నాడు పోస్ట్‌మాన్. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఇంటికొచ్చి 9 ముందున్న ఈగల్ని కాగితంలో పొట్లం కట్టాను.

7, శుక్రవారం

బావమరిది మందు వల్లే ఈగలు చస్తున్నాయని వ్యవసాయ ఆఫీసుకు దరఖాస్తు రాశాను. మా ఆవిడ చదివింది.

"వాడు పరాయివాడా? వెళ్ళి అడగొచ్చుగా."

"అడిగితే ఏమంటాడు? కొట్టలేదంటాడా?"

"కొట్టేముందు చెబుతాడుగా, ఏమండీ. ఇంట్లో ఉన్న నాకే వినబడుతుంది ఆ కేక."

3న పిలిచాడో లేదో నాకు సరిగా గుర్తు లేదు. దరఖాస్తులో పిలవలేదనే రాశాను.

10, సోమవారం

గాలి. పని సాగలేదు. బావమరిది కంచె దగ్గర నిలబడి ఉన్నాడు. నేను లోపలికి వచ్చేశాను.

12, బుధవారం

ఎండ. ఆఫీసు నుంచి తెగుళ్ళు చూసే ఆమె స్కూటరు మీద వచ్చింది. వయసు ముప్ఫై ఉంటుందేమో. ముసుగు తనదే తెచ్చుకుంది, చేతికి తొడుగులు లేవు. నంబరు 3 తెరిచి ముందు వాసన చూసింది, తర్వాత పట్టు చూసింది. నా దగ్గర అగ్గిపెట్టె అడిగి తీసుకుని, పుల్ల ఒకటి కుంగిన అరలోకి గుచ్చి మెల్లగా పైకి లాగింది. గోధుమ రంగు తీగ లేచింది. వేలెడు పొడవు సాగి తెగింది.  ఇంకో అరలో గుచ్చింది. అదీ సాగింది.

"మందే కదమ్మా?" అన్నాను.

"అందరూ ఒక్క పేరే చెప్పమంటారండీ," అంది. "మందు ఒకటి. ఈగ ఒంటి మీద కూర్చుని పీల్చే నల్లి ఒకటి. తెగుళ్ళు. కనుచూపు మేర ఒకటే పంట, అది రాలిపోయాక ఈగకు తిండే ఉండదు, అదొకటి. ఒకటి ఒళ్ళు పాడుచేస్తుంది, ఇంకొకటి వచ్చి ప్రాణం తీస్తుంది."

"అంటే మందు కూడా ఉన్నట్టే."

"ఉండొచ్చు."

ఉండొచ్చని ఆమే అంది.

ప్రతి పెట్టె నుంచీ కొంచెం తేనె, కొంచెం పట్టు సీసాల్లోకి తీసుకుని నంబర్లు వేసింది. పొట్లం కూడా తీసుకుంది. "ఇంతకుముందు పోయిన పెట్టెల పట్టు ఏం చేశారు?" అని అడిగింది. తీసేశానన్నాను. రాసుకుంది. అబద్ధం కాదు, తీసేశాను. బల్ల కొట్టంలో ఉంది. ఆమె కొట్టంలోకి రాలేదు.

ఫలితం వచ్చేదాకా ఏదీ కదపొద్దని చెప్పి వెళ్ళింది.

14, శుక్రవారం

బావమరిది కాగితం పట్టుకుని వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పూత అయ్యేదాకా మందు కొట్టకూడదట. సంతకం వాళ్ళది, దరఖాస్తు నీదట. ఏం బావా, కంచె అంత ఎత్తుందా? ఒక్క కేకేస్తే నాకు వినబడేది కాదా?"

నేను కుర్చీ జరిపాను. కూర్చోలేదు.

"లోపలికి రారా. మంచినీళ్ళు తాగు," అంది మా ఆవిడ.

"వద్దక్కా. ఆ నీళ్ళలో కూడా మందు కలిపానని మీ ఆయన ఇంకో దరఖాస్తు పెడతాడు."

ఆమెకు నవ్వు వచ్చింది, ఆపుకుంది. వాడు నవ్వలేదు. మెట్టు దిగి మళ్ళీ తిరిగాడు. "పిలవలేదని రాశావట. ప్రతిసారీ పిలిచాను బావా. గొంతు పోయేలా పిలిచాను."

నేను కుర్చీ మళ్ళీ వెనక్కి జరిపాను. ఆఫీసు ఫలితం ఇంకా రాలేదు.

17, సోమవారం

పొద్దున చల్లగా ఉంది, తర్వాత మంచి ఎండ. 3, 4, 9 ఖాళీ. 4లో రాణి ఒక్కతే పదీ పన్నెండు ఈగలతో మూలన ఉండింది, మధ్యాహ్నానికి అదీ లేదు.

ఆఫీసుకు ఫోన్ చేసి మూడూ ఖాళీ అయ్యాయని చెప్పాను. ఫ్రేముల్లో తేనె ఉంది. కదపొద్దన్నది బతికున్న పెట్టెల గురించి. బల్ల వేశాను. కంచె అవతలివి కూడా వచ్చాయి.

మా ఆవిడ పీట వేసుకోలేదు.

20, గురువారం

ఆఫీసు కవరు వచ్చింది. రెండు పేజీలు.

మందు ఆనవాళ్ళు పొట్లంలోని ఈగల్లో కొద్దిగా ఉన్నాయి, పెట్టెలు పోయేంతగా లేవు. పెట్టెలు పోయింది పిల్లకుళ్ళు తెగులు వల్ల. తెగులు విత్తనం పాత పట్టులో, తేనెలో, చెక్కలో ఏళ్ళ తరబడి చావకుండా ఉంటుంది. చచ్చిన పెట్టె తేనెను మరో పెట్టె ఈగ తింటే ఆ పెట్టెకు అంటుతుంది. చచ్చిన పెట్టె పట్టును మరో పెట్టెలో పెడితే అంటుతుంది. తెగులున్న పెట్టెలు పన్నెండు. 7, 8, 11, 12 వాటిలో ఉన్నాయి. ఈ పన్నెండు, ఖాళీ అయిన ఏడు, వాటికి తగిలిన చెక్క సామాను మొత్తం గొయ్యి తీసి కాల్చి పూడ్చాలి. ఏడు పెట్టెలకు తెగులు కనబడలేదు, చూస్తూ ఉండాలి.

పిల్లకుళ్ళు. నాన్న దీన్ని చలి దెబ్బ అనేవాడు.

సాయంత్రం తెగుళ్ళు చూసే ఆమె ఫోన్ చేసింది. చుట్టుపక్కల ఇంకెవరికైనా పెట్టెలున్నాయా అని అడిగింది. కనుక్కుంటానన్నాను.

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి డైరీ వెనక అట్టలో పెట్టాను. మందు కూడా కొద్దిగా ఉందని అందులోనే రాసి ఉంది.

21, శుక్రవారం

ఇవాళ వెళ్ళి బావమరిదికి చెబుదామనుకున్నాను. వాన.

22, శనివారం

వాన లేదు. వాడు ఇంట్లో లేడు. మోటారు చప్పుడు వినబడింది గానీ, వేసి ఎటో వెళ్ళి ఉంటాడు.

24, సోమవారం

ఎండ ఎక్కువ. నీళ్ళ తొట్టికి దూరంగా గొయ్యి మొదలుపెట్టాను. మోకాలి లోతు వచ్చేసరికి బావమరిది గునపం, పార తీసుకుని కంచె దాటి వచ్చాడు. నేను పిలవలేదు.

"అక్క చెప్పింది, పెట్టెలు కాల్చమన్నారట కదా. జరుగు. నువ్వు తవ్వితే ఇది పూలకుండీ అవుతుంది గానీ గొయ్యి అవదు."

గంటన్నర తవ్వాడు. నడుం లోతు దిగాక ఆగి, గోతి గోడకు ఆనుకున్నాడు.

"ఒక మాట బావా. సాయంత్రమే కొట్టాను, ఒట్టు. కానీ ఆ తడి పొద్దున దాకా ఆకు మీద ఉంటుంది. మంచు పడ్డ రోజుల్లో ఇంకాసేపుంటుంది. వీటికి నీళ్ళంటే పిచ్చి కదా, దాని మీద వాలి ఉంటాయి. నాకది తట్టలేదు. నువ్వు దరఖాస్తు పెట్టావని వారం రోజులు తిట్టుకున్నాను నిన్ను. నిన్న ఆలోచిస్తుంటే తట్టింది."

మట్టి చేత్తోనే ముఖం తుడుచుకున్నాడు. నేను పై నుంచి మంచినీళ్ళ చెంబు అందించాను. తాగాడు.

"కావాలని చంపలేదు. కానీ మందు నాదే," అన్నాడు. ఖాళీ చెంబు పైకిచ్చాడు. తీసుకున్నాను.

పొద్దు గూకాక, ఈగలన్నీ లోపలికి చేరాక, తలుపులు మూసి ఒక్కొక్కటే దించాం. పెట్రోలు నేనే పోశాను. పన్నెండు పెట్టెలు, ఏడు ఖాళీవి. మైనం చాలాసేపు కాలింది. వాడు చివరి దాకా నిలబడి మట్టి కప్పి వెళ్ళాడు.

బల్లను గోతిలో వేయలేదు. అది పెట్టె కాదు కదా.

"మందుకి చచ్చిన పెట్టెల్ని ఎందుకు కాలుస్తారండీ?" అని మా ఆవిడ అడిగింది. ఆఫీసు వాళ్ళ పద్ధతి అన్నాను.

26, బుధవారం

వడగాలి. కంచె మీదుగా వాడి చేను చూశాను. ఒక్కో పువ్వు వెనక పదేసి గొంగళ్ళు. పువ్వు ముఖం జల్లెడ. ఆకులకు ఈనెలే మిగిలాయి.

వాడు కంచె దగ్గరికి వచ్చాడు. పంట కోసి దున్నేస్తాడట. శీతల గిడ్డంగిలో లారీ నడపడానికి పాత యజమాని రమ్మన్నాడట, 31 పొద్దున వెళ్తాడట. మళ్ళీ ఎప్పుడంటే వచ్చే పంటకేమోనన్నాడు.

"నోటీసు పక్కన పెట్టి కొట్టొచ్చుగా, ఇప్పుడిక నా దగ్గర పెద్దగా పెట్టెలు లేవు," అన్నాను.

"ఏడున్నాయిగా," అన్నాడు. "వాటిని కూడా చంపమంటావా?"

తర్వాత అన్నాడు: "నాదొక పెట్టె ఉంది కదా, నువ్విచ్చిందే. నేను లేకపోతే దాన్ని ఎవరు చూస్తారు? తీసుకెళ్ళు. దాన్ని రెండు చేసి, రెండును నాలుగు చేసి మళ్ళీ మొదలుపెట్టు. నీకు వచ్చిన విద్యేగా."

సరే అన్నాను.

29, శనివారం

ఎండ. ఏడు పెట్టెలకు నీళ్ళు మార్చాను. పదకొండింటికి కంచె దాటి వెళ్ళాను. బావమరిది టౌనుకు వెళ్ళాడు. వాడి పెట్టె మోటారు కొట్టం నీడలో ఉంది. ముందు చిన్న పళ్ళెంలో నీళ్ళు పోసి, ఈగలు మునగకుండా గులకరాళ్ళు వేసి ఉన్నాయి. మూతకు కొత్త రంగు వేశాడు.

మూడో ఫ్రేములో అరచేయంత మేర మూతలు కుంగి ఉన్నాయి. వాసన లేదు ఇంకా. అగ్గిపుల్ల గుచ్చాను. సాగింది.

ఇంకో అరలో గుచ్చాను.

ఫ్రేము మళ్ళీ దించి మూత పెట్టి వచ్చాను. ఈగలకు పొగ పెట్టే డబ్బా అక్కడే మర్చిపోయి మళ్ళీ వెళ్ళి తెచ్చుకున్నాను.

డైరీ తీసి 3వ తారీఖు పేజీ చూశాను. ఆరింటికి కేకేశాడని ఉంది. ఇరవై రెండు తలుపులూ మూశానని ఉంది. నా రాతే. దాని పైనే బల్ల గురించి ఉంది, నా ఈగలూ వాడి ఈగలూ ఒకే పంక్తి అని. 17న కూడా ఉంది. వాడి పెట్టెకు తెగులు వాడి చేను నుంచి రాలేదు. నేను పిలిచి పెట్టాను.

కాగితం కోసం వెనక అట్ట తీశాను. నాలుగు మడతలు పెట్టాను నేను. ఇప్పుడు రెండే ఉన్నాయి.

మా ఆవిడ వడ్డిస్తూ, "ఎల్లుండి వెళ్తున్నాడు వాడు," అంది. గిన్నె దించి మళ్ళీ అదే మాట అంది. 

30, ఆదివారం

మబ్బు, గాలి లేదు. సాయంత్రం అయిదింటికి బల్ల భుజాన వేసుకుని కంచె దాటాను. బావమరిది వాకిట్లో సంచికి తాడు కడుతున్నాడు.

"పెట్టె తీసుకెళ్ళమంటే బల్ల మోసుకొచ్చావేంటి బావా? నేను పోతున్నానని ఈగలకు విందా?"

"దీన్ని కాల్చాలి," అన్నాను. "నీ పెట్టెను కూడా."

నిలబడే చెప్పాను. చలిలో పోయిన పెట్టెల తేనె ఈ బల్ల మీద పెట్టి నాకించానని, ఆ పట్టే మంచి పెట్టెల్లో దించానని, తెగులు అలా తిరిగిందని, వాడి పెట్టెకు కూడా అలాగే చేరిందని. మందు కాదని. కొద్దిగా ఉందన్న మాట నోటి దాకా వచ్చింది. అది చెప్పలేదు.

"కాగితం ఎప్పుడొచ్చింది?"

"ఇరవయ్యో తారీఖున."

"నేను గొయ్యి తవ్వింది?"

"ఇరవై నాలుగున."

వాడు చేతిలో తాడు చూసుకుంటూ ఉన్నాడు.

"మందు నాదే అని నేను గోతిలో నిలబడి చెబుతుంటే, నువ్వు పైనుంచి చెంబు ఇచ్చావు."

"అవును."

"తాగాను కూడా."

నేను తల ఊపాను.

"పోనీ పిలవలేదని ఎందుకు రాశావు? అదైనా చెప్పు."

"రాసేటప్పుడు గుర్తు లేదనుకున్నాను. నా డైరీలో మాత్రం పిలిచావనే ఉంది."

"అయితే నీకంటే నీ డైరీ నయం బావా," అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

పార తీసుకుని మోటారు కొట్టం వెనక్కి వెళ్ళాడు. నేను గునపం అందుకోబోతే ముట్టుకోకన్నాడు. ఒక్కడే తవ్వాడు. ఒక్క పెట్టెకు, ఒక బల్లకు పెద్ద గొయ్యి అక్కర్లేదు. అయినా నడుం లోతు తవ్వాడు. నేను బల్ల పక్కనే నిలబడ్డాను. మా ఆవిడ కంచె అవతల నుంచి చూస్తూ ఉంది, రాలేదు.

బల్లను ముందు దించాను. నాన్న కొట్టిన తలుపు గడియ మేకులు దానికి ఇంకా ఉన్నాయి.

పొద్దు గూకేదాకా పెట్టె దగ్గర కూర్చున్నాం, చెరోవైపు. ఈగలు ఒక్కొక్కటే వచ్చి పళ్ళెంలో నీళ్ళు తాగి లోపలికి పోతున్నాయి. వాడు తలుపు చెక్క చేత్తో పట్టుకుని ఉన్నాడు. "ఇంకా రెండు మూడు రావాలి," అన్నాడు. ఆగాం. అవి వచ్చాయి. ఇంకాసేపు ఆగాం. ఇంకేమీ రాలేదు.

చెక్క నా ముందు పెట్టాడు.

"తలుపు నువ్వే మూసెయ్ బావా. నా వల్ల కాదు."

మూశాను.

31, సోమవారం

మబ్బు. తెల్లవారగానే లేచి ఏడు పెట్టెలు తెరిచాను. అగ్గిపుల్లతో గుచ్చి చూశాను, తీగ సాగలేదు ఇవాళ్టికి. 17న వీటి ఈగలు కూడా బల్ల మీదికి వచ్చాయి కాబట్టి ఇంకా నమ్మడానికి లేదు.

ఆఫీసుకు ఉత్తరం రాశాను. 3న, 17న బల్ల వేశానని. పక్కన ఒక పెట్టె ఉండేదని, దాన్ని నిన్న కాల్చామని. 3న మా బావమరిది మందు కొట్టేముందు కేకేశాడని, నేను విన్నానని, దరఖాస్తులో రాసింది అబద్ధమని. కవరు అంటించి మా ఆవిడకు ఇచ్చాను. ఆమె చీర కొంగులో పెట్టుకుంది.

బావమరిది ఎనిమిదిన్నర బస్సుకు వెళ్ళాడు. మా ఆవిడ స్టాండు దాకా వెళ్ళింది. కవరు పోస్టు డబ్బాలో వేసి పదింటికి తిరిగి వచ్చింది.